మ్యాప్‌లో మిగిలిన ఖాళీ

నేను మొట్టమొదట ఇన్‌స్టాల్ చేసిన మ్యాప్ తెరుచుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఓ ఆదివారం, హైదరాబాద్‌లో మా అక్క ఇల్లు. పదమూడేళ్ల మేనల్లుడు ఓ జిప్ ఫైలును నా లాప్‌టాప్‌లో పడేసి, “మామా, ఇది వేసి ఉంచు, నేనొచ్చాక ఆడదాం” అంటూ బ్యాట్ పట్టుకుని వెళ్లిపోయాడు. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి, కమిషన్ల నివేదికల్లో ఏ మాట వెనక ఏముందో వెతకడమే వృత్తిగా పదేళ్లు గడిపినవాణ్ని. పిల్లలాట ఫైలును ఉండాల్సిన చోట ఉంచలేనా అనుకున్నాను. గంట తర్వాత వాడు తిరిగొచ్చేసరికి ఆటలో ప్రపంచాల జాబితా ఖాళీగానే ఉంది. వాడు ఒక్క చూపు చూసి నిట్టూర్చాడు. “ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టావు మామా.”

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. ఇంట్లో స్కూలుకెళ్లే పిల్లలున్నవారికి పరిచయం అక్కర్లేదు. లేనివారికి రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామర్ 2009లో దీన్ని జనం ముందు పెట్టాడు. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2023 అక్టోబర్ నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. ఆటలో కథ పెద్దగా లేదు. ప్రపంచమంతా ఘనాకారపు దిమ్మెలే. మట్టి, రాయి, చెట్టు, చివరికి మేకపోతు కూడా నలుచదరమే. ఒక్కో దిమ్మె నిడివి, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున. తవ్వాలి, కట్టాలి. ఏ దిక్కుకు వెళ్లినా మూడు కోట్ల దిమ్మెల దాకా నేల ఉంటుంది. నడిచి అంచు చూసినవాళ్లు అరుదు.

ఆట తనంతట తాను పుట్టించే ప్రపంచాలు చాలక, ఆడేవాళ్లు సొంతంగా కట్టి ఇతరులకు పంచేవే కస్టమ్ మ్యాపులు. ఆకాశంలో వేలాడే చిన్న మట్టిముక్క మీద ఒక చెట్టుతో బతుకు మొదలెట్టించే స్కైబ్లాక్ 2011లో వచ్చి, ఓ తరం పిల్లలను నిద్రపోనివ్వలేదట. వీటిని ఎక్కించడంలో బ్రహ్మవిద్య ఏమీ లేదని మేనల్లుడి వాదన. జిప్ విప్పాలి. అందులో ‘లెవెల్’ అనే పేరున్న డ్యాట్ ఫైలు, ‘రీజియన్’ అనే ఫోల్డరు ఏ ఫోల్డర్లో కనిపిస్తాయో, సరిగ్గా ఆ ఫోల్డర్నే మైన్‌క్రాఫ్ట్ తాలూకు ‘సేవ్స్’లో పెట్టాలి. విప్పేటప్పుడు విండోస్ తనకు తోచిన పేరుతో పైన ఇంకో ఫోల్డర్ తొడుగుతుంది. దాంతోసహా పెడితే ఆటకు కనపడదు. నేను చేసింది అదే. రెండో తప్పు వెర్షన్. ఆ మ్యాపు పాతది. 2018లో వచ్చిన 1.13 వెర్షన్ ఆటలోని ఆజ్ఞల వ్యాకరణాన్నే మార్చేసింది. కొత్త వెర్షన్లో తెరిస్తే కోట ఉంది, తలుపుంది, మీట నొక్కితే మాత్రం తలుపు తెరుచుకోదు. ఆ మ్యాపును ఏ వెర్షన్లో కట్టారో ఆ వెర్షన్నే లాంచర్లో ఎంచుకోవాలి. తెరవడానికి ముందే నకలు తీసి పెట్టుకోవాలి. కొత్త వెర్షన్లో ఒకసారి తెరిచిన ప్రపంచం వెనక్కి పాత వెర్షన్‌కు రాదు. ఈ చివరి మాట వాడు చాలా గంభీరంగా చెప్పాడు. ఎప్పుడో ఏడ్చిన అనుభవం ఉన్నట్టుంది.

మా వెనక కుర్చీలో నాన్న ఉన్నారు. కంట్లో శుక్లానికి ఆపరేషన్ కోసం నందికొట్కూరు నుంచి వచ్చి, అయిపోయాక మనవడి కోసం ఉండిపోయారు. తెర మీద కోట చుట్టూ తిరుగుతున్న మమ్మల్ని కాసేపు చూసి, “దీంట్లో మన ఊరు కట్టొచ్చునా?” అనడిగారు.

మన ఊరంటే నందికొట్కూరు కాదు. కృష్ణ ఒడ్డున, శ్రీశైలం జలాశయం కింద ఉన్న ఊరు. 1981లో దాదాపు వంద గ్రామాలతోపాటు అదీ మునిగింది. నాన్నకప్పుడు 26 ఏళ్లు. నేను పుట్టింది ఆ తర్వాత. ఆ ఊరు నాకు తెలిసిందల్లా పెళ్లిళ్లలో, దినాల్లో ముసలివాళ్లు చెప్పుకునే మాటల్లోనే. ఏటా వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం వెళ్లి పూజ చేసుకుని వస్తారు, మా పత్రికలవాళ్లం ఫోటోలు వేస్తాం. మా ఊరికి ఆ భాగ్యం లేదు. నీళ్లు దిగినా పైన మిగిలేది ఒండ్రుమట్టే.

“కట్టొచ్చు తాతా. మెజర్‌మెంట్స్ చెప్పు” అన్నాడు వాడు.

అక్కడ మొదలైంది. ముందు నేల కావాలి. బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 2013లో తన ఎత్తుపల్లాల డేటాతో దేశమంతటినీ 2,200 కోట్ల దిమ్మెల్లో మైన్‌క్రాఫ్ట్ మ్యాపుగా విడుదల చేసింది. డెన్మార్క్ 2014లో ఇంకో అడుగు ముందుకేసి, దేశాన్ని నిలువెత్తు కొలతతో, మీటరుకు మీటరు, నాలుగు లక్షల కోట్ల దిమ్మెలతో కట్టించింది. (డైనమైట్ పేలకుండా కట్టడి చేశారు కానీ డైనమైట్ వేసుకెళ్లే బండిని మరిచారు. అల్లరి మూక కొన్ని వారాల్లోనే కొంత భాగాన్ని పేల్చి అమెరికా జెండాలు పాతింది. ప్రభుత్వాలు చట్టాలు చేసే తీరు ఎక్కడైనా ఒకటే.) మనకూ అలాంటి డేటా దొరుకుతుందనుకున్నాను. వరల్డ్‌పెయింటర్ అనే ప్రోగ్రాముకు ఎత్తుల పటం ఇస్తే కొండలూ లోయలూ అదే పోస్తుంది. ప్రపంచానికి ఉచితంగా దొరికే ఎత్తుల కొలత 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసింది. రాడార్ నీటి కిందికి చూడదు. అప్పటికే మా ఊరు మునిగి 19 ఏళ్లు. వాడు దాన్ని తెచ్చి తెరిస్తే మా ఊరున్న చోట బల్లపరుపుగా చెరువు. అమెరికా సైన్యం 1950లలో అచ్చేసిన భారతదేశం పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం దగ్గర ఉన్నాయని విని అవీ వెతికాను. ఆ కొలతలో ఊరంటే ఓ చుక్క.

ఇక మిగిలింది నాన్న. కర్నూలులో ఉంటున్న మేనత్తను కూడా వీడియో కాల్‌లో కూర్చోబెట్టాం. ఏటి గట్టు నుంచి రచ్చకట్టకు ఎంత ఎక్కు అంటే నాన్న “నీళ్ల బిందెతో ఒకసారి ఆగాల” అన్నారు. అత్త “రెండుసార్లు” అంది. బిందె మోసింది ఆమె కాబట్టి ఆమె మాటే ఖాయం చేశాం. ఇంటి కొలత అంకణాల్లో చెప్పారు. అంకణమంటే ఎన్ని దిమ్మెలని వాడి ప్రశ్న. దూలాన్ని బట్టి ఉంటుందని అత్త జవాబు. వాడు కాసేపు జుట్టు పీక్కుని, రెండు దిమ్మెలని తనే తీర్పు చెప్పేశాడు.

కట్టడం మొదలెట్టాక ఆ ఆట మీద నాకున్న చులకన తగ్గింది. మీటరు దిమ్మెతో నేటి అపార్ట్‌మెంట్ కడితే గోడలు కోటగోడల్లా కనిపిస్తాయి. మూరన్నర మందం మట్టిగోడల మిద్దెకు మాత్రం అదే దగ్గరి కొలత. 2022లో వచ్చిన వెర్షన్లో మట్టి ఇటుకలు చేర్చారు, గోడలకవి సరిపోయాయి. పైకప్పు మీద చౌడుకు ఏం వాడాలో తెలియక బూడిదరంగు కాంక్రీట్ పొడి పోశాడు. ఆ ఆటలో ఇసుక, కంకర, ఈ పొడి కింద ఆసరా లేకపోతే జారిపోతాయి. వీడు దంతెలు పరవకుండానే పోశాడు. మిద్దె మొత్తం ఇంట్లోకి కూలింది. నాన్న పగలబడి నవ్వారు. “వానాకాలం మాదీ అట్లే పడేది. ముందు దంతెలెయ్, వాటి మీద బోద పరువు, ఆనక చౌడు.” కప్పులో వెలుతురు కోసం గవాచి వదలమన్నారు. అది వదిలాక సాయంత్రం ఎండ చతురస్రంగా నేల మీద పడింది. ఆ ఆటలో పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలే. నాన్న ఆ 20 నిమిషాలూ ఆ చతురస్రాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఇళ్ల ముందు ఎవరి పేర్లు వారికి బోర్డుల మీద తెలుగులో రాద్దామనుకున్నాం. వత్తులూ గుణింతాలూ విడివిడిగా వచ్చి అక్షరాలు కొట్లాడుకున్నట్టు కనిపించాయి. ఇంగ్లిష్ లిపితో సర్దుకున్నాం.

మే రెండో వారానికి రచ్చకట్ట, ఆంజనేయస్వామి గుడి, పీర్ల చావిడి, మంచినీళ్ల బావి, బడి, మూడు వీధులు, 61 ఇళ్లు తేలాయి. మేనల్లుడికి అప్పటికే ఇంకో ఆలోచన. దీన్ని ఉత్తి బొమ్మలా ఎందుకు వదలాలి, అడ్వెంచర్ మ్యాప్ చేద్దామన్నాడు. నీళ్లొస్తుంటాయి, ఆడేవాడు నిర్ణీత టైములో సామానంతా సర్దుకుని ఊరు ఖాళీ చెయ్యాలి. నీళ్లు నింపే ఆజ్ఞ ఒక్కసారికి 32,768 దిమ్మెలకే పనిచేస్తుందట. కాబట్టి కమాండ్ బ్లాకులు వరసగా పెట్టి వీధి తర్వాత వీధి ముంచొచ్చు. నేను నాన్న ముఖం చూశాను. ఏమీ లేదు. అత్తకు ఫోన్లో వివరిస్తే, “ముందు కోళ్లను పట్టుకోవాలని పెట్టు, అవే దొరకవు” అంది. నాన్న మాత్రం, “నీళ్లొద్దులే” అన్నారు. వాడు మళ్లీ అడగలేదు.

అడ్వెంచర్ అన్న మాట మీద నాకో చిన్న పిట్టకథ. ఈ ఆటలో క్రియేటివ్ పద్ధతిలో ఆడేవాడు ఏదైనా పగలగొట్టొచ్చు, ఏదైనా కట్టొచ్చు. అడ్వెంచర్ పద్ధతిలో మ్యాపు కట్టినవాడు అనుమతించినవే. తలుపు తెరవొచ్చు, గోడ తియ్యలేరు. ఎక్కడ పుడతారో, ఎటు నడవొచ్చో, దేన్ని ముట్టుకోవచ్చో ముందే ఒకడు రాసిపెట్టి ఉంటాడు. యూనివర్సిటీలో రెండేళ్లు సార్వభౌమాధికారం మీద చదివిన పుస్తకాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం రాత్రి వాడు మ్యాపును పైనుంచి, గద్ద చూపులా చూస్తున్నాడు. “మామా, ఈ సైడ్ ఏముండే?” అనడిగాడు. బడి వెనక, తూర్పు దిక్కున, వాగుకూ ఊరికీ మధ్య పెద్ద జాగా. గడ్డి తప్ప ఏమీ లేదు. మేం ఏమీ పెట్టకపోతే ఆట దానంతటది పెట్టే గడ్డి.

“అటు వాళ్ల ఇండ్లు” అన్నారు నాన్న.

“ఎన్ని?”

“ఉంటాయి, ఒక ముప్పై.”

“మన ఇల్లులాగే ఉంటాయా? బోద, గవాచి?”

నాన్న ఆలోచించారు. “గుడిసెలు. కొన్ని మిద్దెలు గూడా ఉన్నట్టుండె.” మళ్లీ కాసేపాగి, “నేను పోలేదురా అటు” అన్నారు.

26 ఏళ్లు బతికిన ఊరు. ఏ వీధి మలుపులో ఏ వేపచెట్టు కొమ్మ వంగి ఉండేదో చెప్పిన మనిషి. పొలం పనికి మనుషులను పిలవడానికి పెద్దచింతచెట్టు దాకా వెళ్లి కేకేసేవాళ్లట. చెట్టు దాటాల్సిన పని పడలేదు. అత్తకు ఫోన్ చేశాం. ఆమెకు చెట్టు కూడా గుర్తులేదు. (మాది ఊళ్లో భూములున్న కులం. ఏదన్నది చెప్పినా చెప్పకున్నా ఈ కథ మారదు.)

నాన్న సంగతి సరే. నా సంగతేమిటి? ఎం.ఏ.లో నేను రాసిన డిసర్టేషన్ నిర్వాసితుల మీదే. అందులో సామాజికవర్గాల వారీగా పట్టిక కూడా ఉంది, మార్కులు బాగానే వచ్చాయి. మునిగిన కుటుంబాలకు ఒక్కో ఉద్యోగమన్న 1986 నాటి జీవో 98 అమలు కాక జనం దశాబ్దాలుగా తిరుగుతున్న వైనం మీద పత్రికలోనూ రెండుసార్లు రాశాను. పట్టికలో 30 కుటుంబాలంటే 30 అని వేస్తే చాలు. ఈ పిల్లవాడి ఆటలో చాలదు. 30 ఇళ్లంటే 30 చోట్ల గోడ లేపాలి, తలుపు ఏ దిక్కుకో చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడ గడ్డే ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది.

నాన్నతో ఐదో తరగతి దాకా చదివిన ఒకాయన కర్నూలులో ఉన్నారని, ప్రభుత్వ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారని రెండు రోజులకు తెలిసింది. నంబరు సంపాదించి నేనే మాట్లాడాను. ఊరి బొమ్మ కడుతున్నామంటే నమ్మలేదు. లాప్‌టాప్ తెస్తామంటే రమ్మన్నారు. నాన్న రానన్నారు, పొద్దున బస్సు ఎక్కే వేళకు తయారై కూర్చున్నారు.

ఇద్దరిదీ ఒకే వయసు. “ఏమప్పా, బాగుండావా?” అన్నారు నాన్న. “బాగుండాను, మీరు బాగుండారా?” అన్నారాయన. ఐదో తరగతిలో ఒకే పలక మీద లెక్కలు దిద్దుకున్నవాళ్లు. నువ్వు ఒకవైపు నుంచి, మీరు ఇంకోవైపు నుంచి. నేను నాన్న వైపు చూడకుండా లాప్‌టాప్ తెరిచాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. పీర్ల చావిడి దగ్గర ఆగి నవ్వారు. బడి వరండా దగ్గర ఎన్ని మెట్లని లెక్కపెట్టి, “ఒకటి ఎక్కువ కట్టినావు” అన్నారు మనవడితో. ఆ తర్వాత పని మొదలెట్టారు. వాడలో 34 ఇళ్లు, ముప్పై కాదు. తొమ్మిది మిద్దెలు, తక్కినవి బోదకప్పు గుడిసెలు. మధ్యలో ఓ చిన్న ప్రార్థన గది, దాని పక్కన వేపచెట్టు. ఏ ఇంటి తలుపు ఏ దిక్కో, ఎవరింటి ముందు రోలుందో, ఎవరు మేకలు కట్టేవారో చెప్పుకుంటూ పోయారు. మేనల్లుడు కడుతున్నాడు. మధ్యాహ్నం అన్నం తినమని వాళ్లింట్లో పిలిస్తే ముందు లేచింది నాన్నే. ఆ మాట ఇక్కడ రాయడం అవసరమా అని నాకు అనుమానంగానే ఉంది.

భోజనాలయ్యాక ఆయన, “బావి తప్పు” అన్నారు.

బావి సరిగ్గానే ఉందన్నారు నాన్న. రచ్చకట్టకు ఉత్తరాన, గిలకతో సహా. “బావి ఆడనే. మేము దాంట్లో చేదేసింది లేదు కదా. ఎవురన్నా వచ్చి పోస్తే పట్టుకునేది. మా నీళ్లు వాగులో చెలమ.” వాగు ఇసుకలో ఎక్కడ తవ్వేవాళ్లో చూపించారు. ఎండాకాలం చెలమ లోతవుతూ పోయేదట. “బావికీ గోడకీ లెక్కగట్టి డబ్బులిచ్చినారు. చెలమకు ఎవురిస్తారు?” అన్నారు, అదేదో చాలా హాస్యమైన మాటలా.

వాడు ఇసుక తవ్వి నీళ్లు పోశాడు. ఆ తర్వాత వాడ నుంచి ఏటికి దారి గీయడం మొదలెట్టాడు. బడి పక్కనుంచి నడివీధిలోకి, అక్కణ్నుంచి నేరుగా గట్టుకు. 90 దిమ్మెల దూరం.

“అట్ల గాదు నాయనా. ఇట్ల.” ఆయన వేలు తెర మీద ఊరి వెలుపల పెద్ద చుట్టు తిరిగింది. కల్లాల వెనకనుంచి, స్మశానం పక్కనుంచి. వాడు లెక్కపెట్టాడు. 260 పైచిలుకు.

“ఇంత రౌండ్ ఎందుకు? ఇక్కడ స్ట్రెయిట్‌గా పోవచ్చు కదా?”

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న కిటికీ వైపు చూస్తున్నారు. జవాబు ఆయనే చెప్పారు. “వాళ్లు ఒప్పుకోరు నాయనా. పనికి రమ్మంటే పోతాము, దొడ్డిదారిన. నడివీధిలో చెప్పులేసుకుని నడిచేదానికి లేదు.”

మేనల్లుడికి ‘వాళ్లు’ ఎవరో అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక తాత వైపు చూడలేదు, అది గమనించాను. కీబోర్డు వైపే చూస్తూ అన్నాడు: “మరి ఇక్కడ గోడ పెట్టాలా?”

“గోడ యాడుండాది? గోడ లేదు.”

“అయితే బ్యారియర్ ఉంటుంది సార్. బ్యారియర్ బ్లాక్. కనపడదు. కానీ దాటలేరు.”

మ్యాపులు కట్టేవాళ్ల కోసమే ఉన్న దిమ్మె అది. మామూలు ఆటగాళ్ల చేతికి రాదు, ఆజ్ఞ ఇచ్చి తెప్పించుకోవాలి. ఆడేవాళ్లకు అక్కడ గాలి తప్ప ఏమీ కనపడదు. అదే దిమ్మెను చేతిలో పట్టుకున్నవాడికి మాత్రం ఎర్రటి నిషేధ గుర్తుతో కనిపిస్తుంది. వాడు ఇదంతా ఆయనకు ఓపిగ్గా వివరించాడు.

“ఉండాదా అట్లాంటిది దీంట్లో?” ఆయన ముందుకు వంగారు. “అదెయ్.”

వేశాడు. బడి పక్కన, నడివీధి మొదట్లో, ఐదు దిమ్మెల వెడల్పు, మూడు దిమ్మెల ఎత్తు. తిరుగు బస్సులో నాన్న కళ్లు మూసుకునే ఉన్నారు, నిద్రపోలేదు.

ఇంట్లో గొడవ ఆ తర్వాత. చుట్టాల వాట్సాప్ గ్రూపులో అప్పటికే వీడియోలు పంపాం, అందరూ మ్యాపు అడుగుతున్నారు. వాడ కట్టింది బాగుందని అత్త ఒప్పుకుంది. ఆ బ్యారియర్ మాత్రం తీసెయ్యమంది. “ఎప్పటివో. ఆయప్ప కొడుకు ఇప్పుడు ఇంజనీరు. పిల్లలకు అవన్నీ ఎందుకప్పా నేర్పేది?” అక్కదీ అదే మాట. దారి చూపిస్తున్నాం కదా, బ్యారియర్ లేకున్నా అర్థమవుతుందంది. ఆయనే వెయ్యమన్నారని నేను. ఊరు ఆయనదొక్కడిదేనా అని ఎవరో. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉండాల్సింది. చదువుకున్నది దాని గురించే. 2020లో రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ సంస్థ ఇదే ఆటలో కోటిన్నర్ర లోపు దిమ్మెలతో గ్రంథాలయం కట్టించి, సౌదీ, రష్యా, ఈజిప్టు లాంటి దేశాల్లో అణచివేసిన వ్యాసాలను అందులో చదవడానికి పెట్టింది. ఐక్యరాజ్య సమితి ఆవాస సంస్థ 2012 నుంచి నైరోబీలోని కిబేరా లాంటి చోట్ల బస్తీ జనం చేతే తమ మైదానాలు, వీధులు ఎలా ఉండాలో దీంట్లో గీయిస్తోంది. ఇవన్నీ చెప్పాను. సౌదీ గురించి మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మనవడిని, “రెండు ఊర్లు చేయొచ్చునా?” అని అడిగారు. చాలా సులువు, ఫోల్డర్ కాపీ చేసి పేరు మార్చడమే. బ్యారియర్ లేనిది గ్రూపులోకి వెళ్లింది. ఉన్నది నాన్న ఉంచుకున్నారు. ఇది రాజీయా, దొడ్డిదారా అని నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆయనకు పంపాల్సింది మిగిలింది. వాళ్ల మనవడు పదేళ్లవాడు, ఆడేది ఫోన్లో. అక్కడ కొత్త చిక్కు. మేం కట్టింది కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్లో. ఫోన్లలో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. 2022 జూన్ నుంచి కంప్యూటర్ కొనుగోలుదారులకు రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తున్నారు కానీ లోపల రెండూ వేర్వేరు ఆటలే. ఒకదాని ప్రపంచం ఇంకోదానికి తెలియదు. చంకర్ అనే ప్రోగ్రాముతో మార్చాలి. మార్చాక చూస్తే కొన్ని బోర్డుల మీద పేర్లు పోయాయి, రెండు తలుపులు తిరగబడ్డాయి. మేనల్లుడు బడి తెరిచేలోపు కూర్చుని ఒక్కోటి సరిచేశాడు. బయల్దేరే ముందు ఆయన ఫోన్లో ఒక్కటే అడిగారు. ఆట తెరవగానే మనిషి రచ్చకట్ట మీద నిలబడుతున్నాడు, మా ఇంటి ముందర నిలబడేటట్టు చెయ్యమని. పుట్టే చోటు మార్చడానికి ఒకటే ఆజ్ఞ. మార్చి పంపాం. ఫోన్లో ఆ ఫైలు మీద వేలితో తాకితే చాలు, ఆట దానంతటదే తెరుచుకుని దిగుమతి చేసుకుంటుంది. సేవ్స్ ఫోల్డరు వెతుక్కునే బాధ లేదు.

జూన్ రెండో వారంలో ఓ సాయంత్రం ఆఫీసులో ఉండగా ఆ నంబరు నుంచి ఫోన్. తాత కాదు, పిల్లవాడు.

“అంకుల్, మ్యాప్ సరిగా డౌన్‌లోడ్ కాలేదు.”

ఏమైందన్నాను.

“మా తాత ఇల్లు వచ్చింది, చెట్టు వచ్చింది. స్కూల్ పక్కనుంచి ఊళ్లోకి పోదామంటే పోనివ్వట్లేదు. ముందర ఏమీ లేదు, రోడ్డే ఉంది. కానీ ఆగిపోతున్నాను. మూడుసార్లు డిలీట్ చేసి మళ్లీ వేశాను అంకుల్. ఫైల్ కరప్ట్ అయిందా?”

తాత దగ్గరున్నారా అని అడిగాను. ఉన్నారన్నాడు. ఫోన్ ఆయనకిమ్మన్నాను.